జెంటూ అంటే తెలుగా, హిందువా, పెంగ్విన్నా? హాబ్సన్-జాబ్సన్ నిఘంటువుకు ఒక్క మాటతో పరీక్ష

పాత మద్రాసు కాగితాల్లోనో, కంపెనీ కాలపు ప్రయాణ గ్రంథాల్లోనో "జెంటూ" అన్న ఇంగ్లీషు మాట తగిలిందనుకోండి. ఫోన్‌లో ఉండే మామూలు డిక్షనరీ తెరిస్తే చాలాసార్లు పెంగ్విన్ బొమ్మ వస్తుంది, లేకపోతే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ వస్తుంది. రెండూ నిజమే కానీ రెండూ మీకు అక్కరకు రావు. ఎందుకంటే ఆ కాగితాల్లో జెంటూ అంటే తెలుగు. కనీసం సగం సార్లు. మిగతా సగం సార్లు హిందువు. ఏది ఎప్పుడో తేల్చుకోలేకపోతే ఒక వాక్యమంతా తలకిందులవుతుంది.

ఆ తేల్చే పనికి బాగా పనికొచ్చేది హాబ్సన్-జాబ్సన్. షికాగో విశ్వవిద్యాలయం నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ సైటులో ఉచితంగా ఉంది, ఖాతా తెరవమని అడగదు. ఈ సమీక్ష ఆ ఆన్‌లైన్ ప్రతి మీదే. పోల్చి చూడటానికి పక్కన ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు ఓఈడీనీ, అచ్చు పుస్తకాల్లో ఒక మాటను ఏ ఏడు ఎంత వాడారో గీతగా చూపే గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌నీ పెట్టాం. పరీక్షకు తీసుకున్న మాట ఒక్కటే.

హాబ్సన్-జాబ్సన్ చూడనివాళ్ళకు రెండు ముక్కలు. హెన్రీ యూల్, ఏ.సీ. బర్నెల్ కలిసి కూర్చిన ఆంగ్లో-ఇండియన్ పదకోశం ఇది. 1886లో లండన్‌లో అచ్చయ్యేనాటికి బర్నెల్ చనిపోయి నాలుగేళ్ళయింది. 1903లో విలియం క్రుక్ కొత్త ప్రయోగాలు (అంటే ఆ మాటలు వాడిన పాత వాక్యాలు) చేర్చి రెండో కూర్పు తెచ్చాడు. సైటులో ఉన్నది ఈ రెండో కూర్పే. మొహర్రం ఊరేగింపుల్లో "యా హసన్, యా హుస్సేన్" అనే కేక తెల్ల సిపాయిల నోట నలిగి నలిగి హాబ్సన్-జాబ్సన్ అయింది, పుస్తకానికి ఆ పేరే పెట్టారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో ఉండి తంజావూరులో జడ్జీగా పనిచేశాడు, అక్కడి రాజభవనంలోని సంస్కృత తాళపత్రాలకు పట్టిక తయారుచేశాడు. దక్షిణాది మాటల దగ్గర ఈ పుస్తకానికి ఉన్న పట్టు ఊరికే వచ్చింది కాదు.

ఇక జెంటూ ఆరోపం, అంటే నిఘంటువులో ఆ మాట కింద ఇచ్చిన వివరణ. మాట పుట్టుక పోర్చుగీసు "జెంటియో" నుంచి అంటుంది. అంటే అన్యమతస్థుడు. తెలుగు బైబిలు చదివినవాళ్ళకు చప్పున తట్టేలా చెప్పాలంటే "అన్యజనుడు". పోర్చుగీసువాళ్ళు మన దేశానికి వచ్చాక ముస్లిములను "మోరో"లన్నారు, హిందువులను జెంటియోలన్నారు. ఇంగ్లీషువాళ్ళు రెండు మాటలనూ అరువు తెచ్చుకుని మూర్, జెంటూ చేసుకున్నారు. ఆ తర్వాత ఆరోపం రెండుగా చీలుతుంది. ఏ: హిందువులందరూ. బీ: ప్రత్యేకించి తెలుగు మాట్లాడే హిందువులు, వాళ్ళ భాష. 1886 నాటికే రెండూ వాడుకలోంచి పోయాయనీ, మద్రాసులో మాత్రం రెండో అర్థం ఇంకా కాస్త మిగిలి ఉందేమోననీ యూల్ రాశాడు.

నిర్వచనం వరకే అయితే ఇది మామూలు నిఘంటువే. దీని బలం కింద వరసగా ఇచ్చే ప్రయోగాల్లో ఉంది. ఒక్కోదానికి ముందు సంవత్సరం, చివర ఎక్కడి నుంచి తీశారో ఉంటుంది. బీ కింద ఉన్నవాటిని నిదానంగా చదివితే ఒక భాష ఆఫీసుల్లో ఎలా తిరిగిందో కనబడుతుంది.

1673 నాటిది డాక్టర్ జాన్ ఫ్రయర్ మాట: వీళ్ళ భాషను అందరూ జెంటూ అంటారు, కానీ దాని అసలు పేరు తెలింగ. ఇంత తెలిసిన ఫ్రయరే ఇంకోచోట జెంటూను హిందువులనే అర్థంలో వాడేశాడు. ఆ వాక్యాలు ఏ కింద ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే పుస్తకం, రెండు అర్థాలు.

1674 నాటిది సెయింట్ జార్జి కోట కౌన్సిల్ తీర్మానం. జాన్ థామస్ అనే ఉద్యోగి జెంటూ మాట్లాడటంలోనూ రాయడంలోనూ బాగా ముందుకు వచ్చినందుకు 50 పగోడాల బహుమతి. పగోడా అంటే మన వరహా. తెలుగు నేర్చుకున్న దొరకు 50 వరహాలు చేతిలో పెట్టారన్నమాట. "రాయడంలోనూ" అన్నదాన్ని దాటిపోకండి. మాట్లాడటానికి దుబాసీ దొరుకుతాడు, కానీ లెక్కలూ కరారునామాలూ తెలుగులో ఉన్నప్పుడు చదవడం వచ్చిన సొంత మనిషి కావాలి.

1683 జూన్ నాటి ఉత్తరువు ఇంకా పనికొస్తుంది. స్థానికుల విషయమై కంపెనీ పంపిన ఒక శాసనాన్ని పోర్చుగీసు, జెంటూ, మలబార్, మూర్స్ భాషల్లోకి తర్జుమా చేయించి దండోరా వేయించమన్నారు. ఈ ఒక్క వాక్యంతో ఈ పుస్తకం వాడే పద్ధతి మొత్తం నేర్చుకోవచ్చు. నాలుగు పేర్లలో పోర్చుగీసు తప్ప మిగిలిన మూడూ ఈనాటి పాఠకుణ్ణి తప్పుదారి పట్టించేవే. మలబార్ అనగానే కేరళ తీరం గుర్తొస్తుంది, కానీ ఆనాటి మద్రాసు కాగితాల్లో అది తమిళం. మూర్స్ అంటే మతం కాదు, హిందుస్తానీ భాష. అదే వరసలో జెంటూ అంటే తెలుగు. మూడు మాటలకూ ఈ నిఘంటువులో విడివిడి ఆరోపాలున్నాయి. మూడూ మూడు ట్యాబుల్లో తెరిచి పెట్టుకోండి. ఒకటి చూసి మిగతావి వదిలేస్తే సగం పనే జరుగుతుంది.

1719 దాంట్లో తాటాకు మీద జెంటూలో రాసిన క్రయపత్రాలు వస్తాయి. వాటిని పట్టణపు "కానికోప్లీ" తన రిజిస్టరులో ఎక్కించేవాడట. ఇంగ్లీషు మూలంలో తాటాకును "కాజన్" అన్నారు. కానికోప్లీ అంటే కణక్కపిళ్ళ, మన లెక్కన కరణం లాంటివాడు. ఈ రెండు మాటలకూ ఆరోపాలు వేరుగా ఉన్నాయి. మద్రాసులో ఇల్లు చేతులు మారిందంటే తెలుగు తాటాకు మీద దస్తావేజు పుట్టేదన్న సంగతి ఒక నిఘంటువు ప్రయోగంలోంచి బయటపడుతోంది. ఓఈడీలో ఇలాంటివి ఉండవని కాదు గానీ ఇంత దగ్గరి చూపు దానికి ఉండదు, అది అన్ని దేశాల ఇంగ్లీషునూ మోయాలి.

1801లో మన్రో రాసిన మాట ఉంది. అంతకు ముందటి సంవత్సరమే నిజాం దత్తమండలాన్ని కంపెనీకి అప్పగించాడు, మన్రో అక్కడ ప్రధాన కలెక్టరు. రెగ్యులేషన్ల జెంటూ తర్జుమా ఒక్కటి ఉంటే ఆ జిల్లాలకు చాలు, బాగా కన్నడం నడిచే భాగంలోవాళ్ళకు కూడా జెంటూ అర్థమవుతుంది అంటాడు. ఇక 1837 నాటిది ఒక దొరసాని ఉత్తరం. గోదావరి ప్రాంతంలో ఉంటూ మున్షీని పెట్టుకుని సరదాగా జెంటూ నేర్చుకుంటానంటుంది, ఇక్కడి భాషలన్నిటిలో ఇది మహా ముచ్చటైనదని మెచ్చుకుంటుంది. అప్పటికి తెలుగు అనే పేరు ఇంగ్లీషు పుస్తకాలకెక్కి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా ఉత్తరాల్లో పాత పేరే నడుస్తోంది. పుస్తకంలో చచ్చిన మాట నోట్లో ఇంకో తరం బతుకుతుందనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

పేరు మారడం ఎక్కడ జరిగిందో చూడాలంటే నిఘంటువు ఒక్కటే చాలదు, ఒక పుస్తకం ముఖపత్రం చూడాలి. 1812లో ఎల్లిస్ అనే కంపెనీ అధికారి పూనికతో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల మొదలైంది. ఆ కళాశాల అచ్చుశాల నుంచే 1816లో ఏ.డీ. క్యాంప్‌బెల్ వ్యాకరణం వచ్చింది. దాని పేరులోనే "తెలూగూ భాష, మామూలుగా జెంటూ అనబడేది" అని ఉంటుంది. అసలు పేరు ముందుకొచ్చింది, పాత పేరు కామా తర్వాతకు జరిగింది. మరుసటి ఏడు 1817లో అచ్చయిన ఇంకో తెలుగు వ్యాకరణం మాత్రం తనను తాను జెంటూ వ్యాకరణమనే చెప్పుకుంది. హిందుస్తానీకీ ఇదే జరిగింది. 1772లో హ్యాడ్లీ రాసిన వ్యాకరణం పేరులో "మామూలుగా మూర్స్ అనబడే హిందుస్తాన్ భాష" అని ఉంది. కేటలాగుల్లో వెతికేటప్పుడు "తెలుగు" అని మాత్రమే కొడితే 1817 నాటి పుస్తకం మీ వలలో పడదు. జెంటూ అని కూడా కొట్టాలి.

ఇప్పుడు అందరూ బోర్లా పడే చోటు. 1776లో లండన్‌లో నథానియల్ హాల్‌హెడ్ పేరుతో "జెంటూ చట్టాల స్మృతి" అచ్చయింది. జెంటూ అంటే తెలుగని కొత్తగా తెలుసుకున్నవాళ్ళు ఇది చూడగానే తెలుగువాళ్ళ చట్టమనుకుంటారు. కాదు. వారెన్ హేస్టింగ్స్ ఆలోచనతో కలకత్తాలో 11 మంది పండితులు సంస్కృతంలో కూర్చిన ధర్మశాస్త్ర సంగ్రహం అది. దాన్ని పార్శీలోకి మార్చారు, ఆ పార్శీ నుంచి హాల్‌హెడ్ ఇంగ్లీషు చేశాడు. తెలుగుతో దానికి చుక్క సంబంధం లేదు. అక్కడ జెంటూ అంటే ఏ అర్థం, హిందువు. అంతకు ముందు బెంగాల్‌లో ఉన్న హాల్వెల్ "జెంటూల" పురాణాలూ పండుగలూ అంటూ రాసిందీ ఈ లెక్కలోదే.

హాల్‌హెడ్ ముందుమాటలోని ఒక తమాషాను హాబ్సన్-జాబ్సన్ ఎత్తి చూపిస్తుంది. జెంటూ అనేది సంస్కృత "జంతు" నుంచి వచ్చిందని ఆయన లెక్క: ప్రాణి అని విశాలార్థం, మనిషి అని సంకుచితార్థం, మతానికీ దీనికీ సంబంధమే లేదు అంటాడు. సంస్కృతంలో జంతు శబ్దానికి ఆ అర్థాలున్న మాట నిజమే. కానీ తెలుగు చెవికి మాత్రం "జంతువు" అని వినబడి నవ్వొస్తుంది. శబ్దసామ్యం చూసి వ్యుత్పత్తి కట్టడం అంటే ఇదే. పక్కనే పోర్చుగీసు ప్రయోగాలు రెండొందల ఏళ్ళ ముందువి పేర్చి ఉంటాయి కాబట్టి ఈ వాదన నిలబడదని చదివేవాళ్ళకే తెలిసిపోతుంది.

అందుచేత ఒక వాక్యంలో జెంటూ కనబడితే అర్థం తేల్చే పద్ధతి ఇలా పెట్టుకోండి. మొదట ఊరు చూడాలి, సంవత్సరం తర్వాత. కాగితం మద్రాసు, మచిలీపట్నం, ఉత్తర సర్కారుల నుంచి పుట్టిందా, కలకత్తా నుంచా? కలకత్తా అయితే దాదాపు ఎప్పుడూ హిందువే. మద్రాసు వైపు అయితే రెండో ప్రశ్న: పక్కన ఏ మాట ఉంది? "మూర్" అనే మనుషులతో జతకట్టి వస్తే అక్కడ హిందూ, ముస్లిం అనే విభజన జరుగుతోంది. "మలబార్"తో జతకట్టి వస్తే తెలుగు, తమిళం అనే విభజన. మూడోది, ఆ వాక్యంలో భాష, లిపి, తర్జుమా, దుబాసీ లాంటి మాట ఉందా? మద్రాసు కాగితంలో ఉంటే తెలుగు అని ధైర్యంగా రాసుకోవచ్చు. బెంగాల్ కాగితంలో మాత్రం ఈ మూడో ప్రశ్న తిరగబడుతుంది: అక్కడ జెంటూ శాస్త్రమన్నా జెంటూ గ్రంథమన్నా సంస్కృతం వైపు చూడాలి. ఇన్ని చూసినా తేలకపోతే రెండు అర్థాలూ రాసి వదిలేయడమే మర్యాద. తెలుగు అనే అర్థం మీద మోజుతో అన్నిచోట్లా తెలుగే అని రాసుకుపోయిన వ్యాసాలు కొన్ని తిరుగుతున్నాయి. వాటిని నమ్మి ఉదహరిస్తే హాల్‌హెడ్ దగ్గర పరువు పోతుంది.

సైటు వాడకం గురించి. వెతుకుపెట్టెలో రెండు రకాల శోధన ఉంది: ఆరోపాల్లో మాత్రమే, లేదా మొత్తం పాఠంలో. ఆరోపాల్లో జెంటూ కొడితే దాని సొంత పేజీ వస్తుంది. అది చదివాక మొత్తం పాఠంలో ఇంకోసారి కొట్టండి. వేరే మాటల కింద ఇచ్చిన ప్రయోగాల్లో దాక్కున్న జెంటూలు అప్పుడు బయటికొస్తాయి. రెండోదే ఎక్కువ లాభం, చాలామంది మొదటిదానితో ఆగిపోతారు.

అక్షరక్రమం పెద్ద తలనొప్పి. 17వ శతాబ్దపు గుమాస్తాలకు స్పెల్లింగు అనేదే లేదు. చివర ఊ శబ్దాన్ని రెండు ఓలతోనో, యూ-ఈతోనో, ఒట్టి యూతోనో రాశారు. మొదటి అక్షరం కొందరికి జీ, కొందరికి జే. ఈ రెండు మొదళ్ళనూ మూడు తోకలతో కలిపితే ఆరు రూపాలు. ఆరూ విడివిడిగా కొట్టాల్సిందే. బహువచనపు ఎస్ చేరితే ఇంకో ఆరు. తెలుగు అనే మాటకూ ఇదే గొడవ: ఈ ఒక్క పుస్తకంలోనే ఒకచోట మనం ఇప్పుడు రాసే స్పెల్లింగు, ఇంకోచోట మధ్యలో యూ బదులు ఈతో రాసింది కనబడతాయి. రెండూ వెతక్కపోతే సగం ఆరోపాలు తప్పిపోతాయి.

పూర్తి వాక్యం ఎక్కడిదో పట్టుకోవడం ఇంకో ఇబ్బంది. ప్రయోగాల చివర గ్రంథాల పేర్లు పొడి అక్షరాల్లో ఉంటాయి. వాటిని విప్పడానికి పుస్తకం ముందు భాగంలో ఉదహరించిన గ్రంథాల పట్టిక ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న 1903 కూర్పు స్కాను దింపి పెట్టుకుని ఆ పేజీలకు గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ తడుముకోనక్కర్లేదు. ఇంకో జాగ్రత్త: చదరపు బ్రాకెట్లలో ఉన్నది క్రుక్ 1903లో చేర్చింది, బయట ఉన్నది 1886 పాఠం. "యూల్ చెప్పాడు" అని రాసేముందు ఆ వాక్యం బ్రాకెట్ లోపల ఉందో బయట ఉందో చూసుకోండి. అచ్చు ప్రతి కొనాలనుకునేవాళ్ళకు ఒక మాట. 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు కేట్ టెల్ట్‌షర్ సంపాదకత్వంలో తెచ్చింది ఎంపిక చేసిన సంక్షిప్త ప్రతి. పడుకుని చదువుకోవడానికి హాయిగా ఉంటుంది గానీ ఇలాంటి వెతుకులాటకు పూర్తి కూర్పే కావాలి.

పుస్తకంతో ఒప్పుకోలేని చోటు ఒకటుంది. హిందువులందరి పేరు తెలుగువాళ్ళ ఒక్కరికి ఎలా అంటుకుంది? పోర్చుగీసువాళ్ళు వచ్చేనాటికి విజయనగరం పెద్ద రాజ్యం, దాని అధికారులు ఎక్కువగా తెలుగువాళ్ళు, అందుకని హిందువుల్లో ముఖ్యులైన వాళ్ళకే ఆ పేరు నిలిచిపోయి ఉంటుంది అంటాడు యూల్. "బహుశా" అని కలిపే అంటాడు. వినడానికి మనకు గర్వంగానే ఉంటుంది. కానీ ఆయన ఇచ్చిన ప్రయోగాలే దీనికి పూర్తిగా సాయం రావు. బీ అర్థానికి చూపిన మద్రాసు ప్రయోగాలు 1670ల నుంచి మొదలవుతాయి. అప్పటికి తల్లికోట యుద్ధం జరిగి వందేళ్ళు దాటింది. పోర్చుగీసు కాలంలోనే ఈ సంకోచం జరిగి ఉంటే 16వ శతాబ్దపు ఆధారం కనబడాలి. పైగా ఆ కాలపు జెస్యూట్ మిషనరీలు తెలుగువాళ్ళను "బడగ"లన్నారని ఇదే పుస్తకం ఇంకో ఆరోపంలో చెబుతోంది. అది తమిళుల "వడుగర్", ఉత్తరాదివాడు అని.

మాకు తోచేది ఇంకోటి. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచారు, తర్వాత మద్రాసు చేరారు. ఈ తీరంలో వాళ్ళకు ఎదురైన హిందూ వర్తకులూ దుబాసీలూ చాలామంది తెలుగువాళ్ళు. మద్రాసులో తమిళానికి మలబార్ అనే పేరు అప్పటికే దొరికింది, హిందుస్తానీకి మూర్స్ దొరికింది. మిగిలిన ఒక్క భాషకు మిగిలిన ఒక్క పేరు అంటుకుంది. చక్రవర్తుల ప్రతాపం కన్నా గుమాస్తా సౌకర్యమే దీని వెనక ఎక్కువగా ఉన్నట్టుంది. ఇదీ ఊహే. కాకపోతే 1683 ఉత్తరువులో ఆ పేర్లు పక్కపక్కనే నిలబడ్డ తీరు దీనికి దగ్గరగా ఉంది.

ఓఈడీ సంగతి. మొదటి కూర్పు 1928కి పూర్తయింది, 1989 నాటి రెండో కూర్పు 20 సంపుటాలు, 2000 నుంచి ఆన్‌లైన్‌లో ఉంది. అర్థాలను పుట్టిన వరసలో పేర్చడం, ఉచ్చారణ, ఆ మాట ఈ రోజుల్లో ఎంత అరుదో చెప్పే కొలత, వీటిలో దానికి సాటి లేదు. జెంటూ లాంటి మాటకు పెంగ్విన్ అర్థాన్ని కూడా కలిపి చూడాలంటే అక్కడికే వెళ్ళాలి, హాబ్సన్-జాబ్సన్‌లో పెంగ్విన్ ఊసు లేదు. చిక్కల్లా చందా. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు డబ్బు కట్టేముందు తమ కౌన్సిల్ లైబ్రరీ సైటు చూసుకోవాలి. చాలాచోట్ల లైబ్రరీ కార్డు నంబరు కొడితే ఓఈడీ ఉచితంగా తెరుచుకుంటుంది. ఇక్కడున్నవాళ్ళు ఏదైనా పెద్ద యూనివర్సిటీ గ్రంథాలయంలో అచ్చు సంపుటాలు అడగడం మేలు. ఒక్క జెంటూ కోసం ఏడాది చందా కట్టడం దండగ.

ఎన్‌గ్రామ్ వ్యూయర్ ఉచితం, కానీ ఉన్నది ఉన్నట్టు వాడితే అబద్ధం చెబుతుంది. తెరవగానే గీత 1800 నుంచి మొదలవుతుంది. జెంటూ ఉచ్ఛదశ 1770 తర్వాతి రెండు మూడు దశాబ్దాలు, హాల్‌హెడ్ పుస్తకమూ హేస్టింగ్స్ విచారణ గొడవా నడిచిన కాలం. అంటే కొండ మొత్తం తెరకు ఎడమ పక్కన ఉండిపోయి మనకు దిగువ వాలు ఒక్కటే కనబడుతుంది. మొదలును 1700కు మార్చండి. స్మూతింగ్ అనే అంకె 3 ఉంటుంది, అంటే ప్రతి ఏడాదికీ అటు మూడు ఇటు మూడు ఏళ్ళు కలిపి సగటు వేస్తుంది. దాన్ని సున్నా చేస్తే ఏ ఏడు నిజంగా లేచిందో తెలుస్తుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా పట్టించుకుంటుంది, ఈ మాట విషయంలో అది మనకు మేలే: మనుషులూ భాషా పెద్ద జీతో, పెంగ్విన్ ఎక్కువగా చిన్న జీతో వస్తాయి. 40 పుస్తకాల కన్నా తక్కువలో ఉన్న రూపాన్ని అది అసలు లెక్కలోకే తీసుకోదు. అందుకని పాత స్పెల్లింగులు కొడితే గీత రాకపోవచ్చు, దాన్ని చూసి ఆ రూపమే లేదనుకోకండి.

పాత అచ్చులో ఎస్ అక్షరం పొడుగ్గా ఉండి యంత్రం దాన్ని ఎఫ్ అని చదవడం తెలిసిన గోలే. జెంటూ ఒకటే అదృష్టం చేసుకుంది. మాటలో ఎస్ లేదు, బహువచనంలో ఉన్నా అది చివర్న వస్తుంది, పొడుగు ఎస్‌ను మాట చివర వాడేవాళ్ళు కాదు. కానీ పక్కన "పర్షియన్" అన్నది కలిపి వెతికితే దెబ్బ తింటారు. 2002 తర్వాత గీత లేచినట్టు కనిపిస్తే సంబరపడొద్దు. ఆ ఏడు మార్చి చివర్లో జెంటూ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి పూర్తి కూర్పు విడుదలైంది. కంప్యూటర్ పుస్తకాలన్నీ అందులో కలుస్తాయి.

ఆ లినక్స్‌కు పేరు పెట్టింది డేనియల్ రాబిన్స్. మొదట ఈనాక్ అన్నాడు, తర్వాత నీళ్ళలో అన్ని పెంగ్విన్ల కన్నా వేగంగా ఈదేదని జెంటూ పెంగ్విన్ పేరు తీసుకున్నాడు. గంటకు 36 కిలోమీటర్ల దాకా ఈదుతుందని చెబుతారు. ఆ పక్షికి శాస్త్రీయ నామం ఇచ్చింది ఫోర్‌స్టర్, 1781లో. పాపువా అని పెట్టాడు, పాపువాలో పెంగ్విన్లే లేవు. ఇక ఇంగ్లీషులో దానికి జెంటూ అనే పేరు ఎందుకు వచ్చిందో తేల్చిన ఆధారం లేదు. తల మీది తెల్ల పట్టీ తలపాగాలా ఉందని ఒక ఊహ ఉంది. ముద్దుగా ఉంది, అంతే. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం మూడు సాధనాల్లో ఏదీ గట్టి జవాబివ్వదు.

తెలుగు వైపు నుంచి సరిచూసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు షికాగో వారి అదే సైటులో ఉంది. పాత తెలుగు కోశాలు ఇంకా కావాలంటే ఆంధ్రభారతి సైటు తెరవండి. హాబ్సన్-జాబ్సన్‌లో వంకర స్పెల్లింగులో దొరికిన మాటకు తెలుగు రూపం ఊహించి బ్రౌన్‌లో కొట్టి చూడటం మంచి అలవాటు. కౌలు, దుబాసీ, పాలెగాడు, సర్కారు లాంటివి అలా ఇట్టే తేలిపోతాయి. తెలింగ అనే ఆరోపాన్ని మాత్రం విడిగా చదవండి. బెంగాల్‌లో ఒకప్పుడు ఆ మాటకు సిపాయి అని అర్థం, మద్రాసు వైపు నుంచి వెళ్ళిన తెలుగు దళాల వల్ల. మద్రాసులో తెలుగును తెలుగు అనకుండా జెంటూ అన్న కంపెనీ, కలకత్తాలో ఏ సిపాయినైనా తెలింగా అంది.

మార్కులు వేయమంటే హాబ్సన్-జాబ్సన్ ఆన్‌లైన్ ప్రతికి అయిదుకు నాలుగు. ఒకటి తగ్గించింది స్పెల్లింగు మార్పులన్నీ మనమే కొట్టుకోవాల్సి రావడానికి, 1903 దగ్గర ఆగిపోయినందుకు. సైటు అలవాటు కావడానికి జెంటూ తర్వాత "బాండికూట్" తీయండి. తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని మొదటి వరుసలోనే ఉంటుంది. అదీ జెంటూ లాగే సముద్రం దాటిపోయి ఆస్ట్రేలియాలో పందికొక్కు కాని ఇంకో జంతువుకు పేరైంది.